కంచె వేసిందీ చేను వేసిందీ ఒకరే అయినప్పుడు

అడిగిన ప్రశ్న ఇది: “మాది రణస్థలం మండలం. కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం వస్తుందని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. కట్టేది కేంద్ర ప్రభుత్వ సంస్థ, తనిఖీ చేసేదీ కేంద్ర ప్రభుత్వ సంస్థే. ఇది కంచే చేను మేసినట్టు కాదా? ఆ తనిఖీ చేసేవాళ్ళు నిజంగా ఎప్పుడైనా ఏ ప్లాంటునైనా ఆపారా?”

నేను ముప్పై ఏళ్ళకు పైగా ఒక అణు విద్యుత్ కేంద్రంలో రేడియేషన్ రక్షణ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. అంటే తనిఖీ చేయించుకున్న పక్షం వాణ్ణి. నా మాటల్లో ఆ వాసన ఎంతో కొంత ఉంటుంది, దాన్ని తీసేసి చదువుకోండి.

రెండో ప్రశ్న తేలిక, అది ముందు చెబుతాను. ఆపారు. ఒకసారి కాదు.

1994 మేలో కర్ణాటకలోని కైగాలో కట్టుబడి నడుస్తుండగా రియాక్టర్ లోపలి గోపురం అడుగు పొర ఊడి కిందపడింది. 100 టన్నులకు పైగా కాంక్రీటు. అప్పటికి లోపల ఇంధనం లేదు కాబట్టి రేడియేషన్ ప్రమాదమేమీ జరగలేదు, కొందరు కూలీలకు దెబ్బలు తగిలాయి. ఆ డిజైన్ మళ్ళీ మొదటి నుంచి లెక్కలు వేసి చూపించేదాకా అణుశక్తి నియంత్రణ మండలి, మేం ఏఈఆర్‌బీ అని పిలిచేది, పని ముందుకు పోనివ్వలేదు. కైగా మొదటి యూనిట్ చివరికి 2000లో గానీ మొదలవలేదు. రెండో యూనిట్ దానికంటే ఏడాది ముందే మొదలైందంటే మొదటిదాని ఆలస్యం ఎంతో మీకే అర్థమవుతుంది.

రాజస్థాన్‌లోని మొదటి యూనిట్ 2004 నుంచి ఆగే ఉంది. గుజరాత్‌లోని కాక్రాపార్ మొదటి యూనిట్‌లో 2016 మార్చి 11న ఒక కూలెంట్ చానల్ నుంచి, అంటే ఇంధనం ఉండే గొట్టాల్లో ఒకదాని నుంచి, దాన్ని చల్లబరిచే భారజలం (మామూలు నీళ్ళకంటే బరువైన ఒక రకం నీరు) లీకైంది. జపాన్‌లోని ఫుకుషిమా అణు ప్రమాదానికి సరిగ్గా ఐదేళ్ళు నిండిన రోజది. ఒక్క చానల్ మార్చి మళ్ళీ నడుపుకుంటామంటే కుదరలేదు. ఉన్న చానళ్ళన్నీ మార్చాకే 2019లో తిరిగి నడిచింది.

ఇవి పేపర్లో వచ్చేవి. రానివి ఇంకా ఎక్కువ. కొత్త యూనిట్‌లో మొదటిసారి గొలుసు చర్య మొదలుపెట్టడానికి ఒక అనుమతి, 50 శాతం పవర్‌కి వెళ్ళడానికి ఇంకొకటి, 90కి ఇంకొకటి, నూరుకి ఇంకొకటి. ప్రతి మెట్టు దగ్గరా కొలతలు పంపాలి, వాళ్ళు చూడాలి, అడిగినవాటికి జవాబివ్వాలి. కాక్రాపార్ మూడో యూనిట్ 2020 జులైలో క్రిటికల్ అయింది, అంటే అందులో గొలుసు చర్య మొదలైంది. వాణిజ్యపరంగా కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది 2023 జూన్ చివర్లో. మధ్యలో దాదాపు మూడేళ్ళు! బయటివాళ్ళకి అది ప్రభుత్వ సంస్థ బద్ధకంలా కనిపిస్తుంది. లోపల ఉన్నవాళ్ళకి తెలుసు, రియాక్టర్ భవనంలో కొన్ని చోట్ల వేడి అనుకున్నదానికంటే ఎక్కువ రావడం వల్ల మార్పులు చేసి, చూపించి, మళ్ళీ కొలిచి, మళ్ళీ చూపించాల్సి వచ్చిందని.

రోజువారీ పని ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. కంట్రోల్ రూములో టెక్ స్పెక్ అని ఒక పుస్తకం ఉంటుంది. ఏ పంపు ఎన్ని రోజులకొకసారి నడిపి చూడాలి, ఏ డీజిల్ జనరేటర్ పనిచేయకపోతే ఎన్ని గంటల్లో రియాక్టర్ ఆపెయ్యాలి, అన్నీ అందులోనే. ఏఈఆర్‌బీ ఒప్పుకోకుండా అందులో కామా కూడా మార్చలేం. కంట్రోల్ రూములో కూర్చునేవాళ్ళకి విడిగా లైసెన్సు ఉండాలి, దానికి రాత పరీక్షా ఉంటుంది, ప్లాంటు చుట్టూ నడిపిస్తూ అడిగే ప్రశ్నలూ ఉంటాయి. మా దగ్గర మంచి ఇంజినీర్లు కూడా మొదటిసారి తప్పి, ఇంట్లో చెప్పలేక టెన్షన్ పడ్డ సందర్భాలున్నాయి. ప్లాంటు లైసెన్సుకి ఐదేళ్ళే గడువు. పదేళ్ళకోసారి మొత్తం భద్రతని మొదటి నుంచి సమీక్షించాలి.

ఒకసారి మా దగ్గర ఒక అత్యవసర జనరేటర్ పరీక్ష షిఫ్టు మారే హడావుడిలో తప్పిపోయి మర్నాడు చేశారు. జనరేటర్ బాగానే ఉంది, ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఏఈఆర్‌బీవాళ్ళు లాగ్‌బుక్‌లో తేదీ పట్టుకున్నారు. ఎందుకు తప్పింది, ఇంకోసారి తప్పకుండా ఏం చేస్తారు అని మూడు నెలలు ఉత్తరాలు నడిచాయి. అప్పుడు విసుగొచ్చింది, ఇప్పుడు తలుచుకుంటే గౌరవం కలుగుతుంది.

అలాగని పూర్తిగా వెన్నపూస రాయను. తనిఖీ బృందం వచ్చే తేదీ చాలాసార్లు ముందే తెలిసేది. ఆ వారం ముందు మెట్లకీ రెయిలింగులకీ పసుపు రంగు పడేది, పాత డ్రమ్ములు కనిపించకుండా పోయేవి. పెళ్ళిచూపులకి ఇల్లు సర్దినట్టే. ఒకసారి మమ్మల్ని తనిఖీ చెయ్యడానికి వచ్చినాయన ట్రైనింగ్ స్కూల్లో నా బ్యాచ్‌మేటు. పగలంతా మా రికార్డుల్ని చీల్చి చెండాడి, రాత్రి మా ఇంట్లో పప్పుచారు తిని వెళ్ళాడు. రిపోర్టులో ఒక్క మాట తగ్గించలేదు, అది నిజం. కానీ మీ ఊరివాళ్ళకి నేనిది చెబితే నమ్ముతారా? నమ్మాల్సిన అవసరమూ లేదు.

అసలు మీ మొదటి ప్రశ్న ఇక్కడే ఉంది. కంచె చేను మేస్తోందని నేననను, నా కళ్ళ ముందు అది చేనుని కాసింది. కానీ కంచె వేసిందీ, చేను వేసిందీ ఒకరే. ఇబ్బంది అక్కడ.

ఆ అల్లిక ఇలా ఉంటుంది. కేంద్రాల్ని నడిపే ప్రభుత్వ కంపెనీ ఎన్‌పీసీఐఎల్ కేంద్ర ప్రభుత్వంలోని అణుశక్తి విభాగం కిందకి వస్తుంది. ఆ విభాగం నేరుగా ప్రధానమంత్రి చేతిలో ఉంటుంది. విభాగం కార్యదర్శే అణుశక్తి సంఘానికి అధ్యక్షుడు. 1983 నవంబర్ 15న రాష్ట్రపతి ఉత్తర్వుతో పుట్టిన ఏఈఆర్‌బీ అప్పటి నుంచీ నివేదిస్తూ వచ్చింది ఆ సంఘానికే. అంటే ప్లాంటు పరుగెత్తాలని కోరుకునే మనిషీ, ప్లాంటుని ఆపే సంస్థ ఎవరికి జవాబు చెప్పాలో ఆ మనిషీ ఒకరే. పైగా ఏఈఆర్‌బీకి క్లిష్టమైన లెక్కలు కావాలంటే సాయం తీసుకునేది ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం, బార్క్, నుంచి, అదీ అదే విభాగం. అధ్యక్షులుగా వచ్చినవాళ్ళలో చాలామంది ఈ కుటుంబంలోనే పెరిగారు. 2018లో అధ్యక్షుడైన జి. నాగేశ్వరరావు గారు అంతకుముందు ఎన్‌పీసీఐఎల్‌లోనే ఆపరేషన్స్ డైరెక్టర్. ఆయన నిజాయితీ మీద నాకేం అనుమానం లేదు. రియాక్టర్ నడిపిన అనుభవం లేనివాడు రియాక్టర్ని తనిఖీ చేస్తే ఇంకా ప్రమాదం కూడా. కానీ దేశంలో ఆ అనుభవం దొరికేది ఒక్క ఇంట్లోనే కావడం మన దురదృష్టం.

ఈ ఇబ్బంది ఊహ కాదు. 1993 నుంచి 1996 దాకా అధ్యక్షుడిగా ఉన్న ఎ. గోపాలకృష్ణన్ గారి హయాంలో, 1995లో, దేశంలోని అణు కేంద్రాల భద్రతా లోపాల మీద ఏఈఆర్‌బీ ఒక నివేదిక తయారుచేసింది. అందులో 130 అంశాలున్నాయి. ఆ పత్రాన్ని ప్రజల ముందు పెట్టలేదు. పదవి దిగాక ఆయనే బహిరంగంగా విమర్శించడం మొదలుపెట్టారు. 2000లో బార్క్ కేంద్రాల్ని ఏఈఆర్‌బీ పరిధి నుంచి తప్పించి, వాటికి సొంత భద్రతా మండలి పెట్టారు. పోఖ్రాన్ పరీక్షలు జరిగి రెండేళ్ళయిన కాలమది, ఆయుధాల పనికి గోప్యత కావాలనే వాదన నాకు అర్థమవుతుంది. విద్యుత్ కేంద్రాలకీ దానికీ మధ్య గీత ఎక్కడ గీస్తారన్నది మాత్రం బయటివాళ్ళకి కనబడదు.

అమెరికా ఈ పొరపాటుని 1974లోనే గుర్తించింది. ప్రోత్సహించే పనీ, కాపలా కాసే పనీ ఒకే సంస్థ చేయకూడదని తన పాత అణుశక్తి కమిషన్‌ని రెండు ముక్కలు చేసింది. జపాన్ ఆ పని చేయలేదు, అక్కడ నియంత్రణ సంస్థ అణు విద్యుత్తుని పెంచాలనుకునే మంత్రిత్వ శాఖలోనే ఉండేది. ఫుకుషిమా పేలాక 2012లో విడదీశారు. మనం 2011 సెప్టెంబర్‌లో కొత్త నియంత్రణ సంస్థ కోసం లోక్‌సభలో బిల్లు పెట్టాం. 2014లో సభతో పాటు బిల్లూ మురిగిపోయింది.

ఆ రెండేళ్ళ మధ్యలో ప్రభుత్వ సంస్థల లెక్కల్నీ పనితీరునీ తనిఖీ చేసే కాగ్ వచ్చింది. 2012 ఆగస్టులో పార్లమెంటు ముందుకొచ్చిన ఆ నివేదికని మా ప్లాంటులో జిరాక్స్ తీసుకుని మరీ చదివాం. ఏఈఆర్‌బీకి స్వయంప్రతిపత్తి లేదనీ, అది వేయగల గరిష్ఠ జరిమానా 500 రూపాయలనీ అందులో ఉంది. పేపర్లన్నీ ఆ 500 రూపాయలనే పట్టుకున్నాయి. నిజానికి అణు విద్యుత్ కేంద్రానికి జరిమానా లెక్కే కాదు. 220 మెగావాట్ల చిన్న యూనిట్ ఒక్క రోజు ఆగితే 50 లక్షల యూనిట్లకు పైగా కరెంటు పోతుంది. యూనిట్ 3 రూపాయలనుకున్నా కోటిన్నర. మా మేనేజ్‌మెంట్‌కి నిద్ర పట్టనివ్వనిది ఆ అంకె. లైసెన్సు ఆపేస్తామన్న ఒక్క ఉత్తరం చాలు.

500 రూపాయలు నవ్వులాటయ్యేది వేరే చోట. అది మీరు అడగలేదు, అయినా చెబుతాను, ఎందుకంటే నా మటుకు అసలు భయం అక్కడే. ఆ నివేదిక ప్రకారం దేశంలో 57,443 వైద్య ఎక్స్‌రే కేంద్రాలుంటే వాటిలో దాదాపు 91 శాతం ఏఈఆర్‌బీ దగ్గర నమోదే కాలేదు. ప్రతి రాష్ట్రంలో వీటికోసం ఒక రేడియేషన్ భద్రతా డైరెక్టరేట్ పెట్టమని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. 2012 జులై నాటికి పెట్టినవి కేరళ, మిజోరం మాత్రమే. తర్వాత ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ వచ్చి పరిస్థితి మెరుగైంది. అయినా గుర్తుంచుకోండి, మామూలు మనిషి ఒంటి మీద పడే కృత్రిమ రేడియేషన్‌లో పెద్ద వాటా ఆసుపత్రి గదిది, రియాక్టర్‌ది కాదు.

2010లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము బజారులో జరిగింది ఇదే కోవ. విశ్వవిద్యాలయంలో 1985 నుంచి వాడకుండా మూలన పడేసిన గామా యంత్రాన్ని వేలంలో తుక్కుగా అమ్మేశారు. లోపల కోబాల్ట్-60 అనే తీవ్రమైన రేడియేషన్ పదార్థం ఉందని అమ్మినవాళ్ళు పట్టించుకోలేదు, కొన్నవాళ్ళకి తెలియదు. గునపాలతో విప్పారు. ఒకరు చనిపోయారు, ఇంకొందరు ఆసుపత్రి పాలయ్యారు. కోట్లు పోసి కాపలా పెట్టిన ఏ అణు విద్యుత్ కేంద్రం నుంచీ మన దేశంలో రేడియేషన్ వల్ల బయటి మనిషి ప్రాణం ఇలా పోలేదు. తుక్కు దుకాణంలో పోయింది.

మళ్ళీ ప్లాంటుకి వస్తాను. 1993 మార్చి 31 గురించి చెప్పకపోతే ఈ జవాబు సగమే. ఉత్తరప్రదేశ్‌లోని నరోరాలో తెల్లవారుజామున టర్బైన్ బ్లేడ్లు విరిగి, జనరేటర్‌లోని హైడ్రోజన్ అంటుకుని, కేబుళ్ళు కాలిపోయి, ప్లాంటు మొత్తం చీకటైంది. మామూలు కరెంటు లేదు, అత్యవసర కరెంటూ లేదు. 17 గంటలు. రియాక్టర్ వెంటనే ఆగింది గానీ లోపలి వేడి తియ్యాలి కదా. డీజిల్‌తో నడిచే ఫైర్ పంపుల నీళ్ళే దిక్కయ్యాయి. ఆపరేటర్లు టార్చిలైట్లు పట్టుకుని పొగలో పై అంతస్తుకెక్కి, చేత్తో వాల్వులు తిప్పి, గొలుసు చర్య మళ్ళీ మొదలవకుండా బోరాన్ ద్రావణం వదిలారు. మా తరంవాళ్ళు ఆ షిఫ్టు వాళ్ళ గురించి మాట్లాడితే ఇప్పటికీ గొంతు మారుతుంది. ఆ బ్లేడ్ల లోపం గురించి హెచ్చరిక అంతకుముందే వచ్చి ఉందని తర్వాత బయటపడింది. ఏఈఆర్‌బీ మిగతా ప్లాంట్లలోని టర్బైన్లూ పరీక్ష చేయించింది, బ్లేడ్ల డిజైన్ మార్పించింది. బాగానే ఉంది, కానీ అది మంట ఆరాక చేసిన పని. నిఘా అంటే హెచ్చరిక కాగితం వచ్చిన రోజే “దీని సంగతేమైంది” అని అడగడం.

అడిగితే ఎలా ఉంటుందో 2009 నవంబర్‌లో కైగాలో కనిపించింది. ప్రతి ఉద్యోగి నిర్ణీత గడువులో మూత్రం శాంపిల్ ఇవ్వాలి. మాకు అదో పెద్ద చాకిరీ, సీసా ఇవ్వమని జనం వెంట పడాలి. ఆ మామూలు పరీక్షలోనే కొందరి శాంపిళ్ళలో ట్రిటియం, రియాక్టర్ భారజలంలో ఉండే రేడియోధార్మిక పదార్థం, ఎక్కువ కనిపించింది. వెతికితే ఎవరో కావాలని మంచినీళ్ళ కూలర్లో భారజలం కలిపారని తేలింది. 50 మందికి పైగా తాగారు. ఎంత ఖరీదైన అలారమూ పట్టుకోలేనిది ప్లాస్టిక్ సీసా పట్టుకుంది. ఉద్యోగి ఒంటి మీద పడే రేడియేషన్ ఏడాదికి 30 మిల్లీసీవర్టులు (రేడియేషన్ మోతాదు కొలమానం) మించకూడదు, ఐదేళ్ళ సగటు 20 దాటకూడదు. బయట ఊళ్ళో మనిషికి ఏడాదికి 1. ఆ ఒకటి నిజంగా దాటలేదని చెప్పడానికి ప్లాంటు మొదలవక ముందు నుంచే అక్కడ పర్యావరణ పరిశీలన ల్యాబ్ ఒకటి పెడతారు. చేపలు, పాలు, గడ్డి, బావి నీళ్ళు తెచ్చి కొలుస్తారు. మీ ఊళ్ళో ఆ ల్యాబ్ మొదలైనప్పుడు వెళ్ళి చూడండి, చూపించమని అడగండి.

చాలామంది “విదేశాల నుంచి ఐఏఈఏ వాళ్ళు, అంటే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ వాళ్ళు, వచ్చి చూస్తారు కదా” అంటారు. వాళ్ళు మామూలుగా వచ్చేది భద్రత చూడ్డానికి కాదు. 2009 ఒప్పందం ప్రకారం వాళ్ళ పరిధిలోకి ఇచ్చిన కేంద్రాల్లో ఇంధనం లెక్క తప్పిందా, ఆయుధాలవైపు మళ్ళిందా అని చూస్తారు. సీళ్ళు, కెమెరాలు, రిజిస్టర్లు. రియాక్టర్లకి ఇంధనం తయారుచేసే హైదరాబాద్ ఎన్‌ఎఫ్‌సీలో కొన్ని విభాగాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. భద్రత గురించి మనం పిలిస్తే వాళ్ళదే వేరే బృందం వస్తుంది. 2015 మార్చిలో అలా వచ్చి ఏఈఆర్‌బీ పనితీరుని మెచ్చుకుంటూనే, దాని స్వతంత్రతని చట్టంలో రాసుకోమని చెప్పి వెళ్ళింది.

ఆ రాత 2025 డిసెంబర్‌లో పడింది. శాంతి చట్టం అని పేరు. 1962 నాటి అణుశక్తి చట్టాన్నీ, 2010 నాటి పరిహార చట్టాన్నీ తీసేసి వాటి స్థానంలో తెచ్చారు. ఏఈఆర్‌బీకి చట్టబద్ధ హోదా వచ్చింది, ప్రైవేటు కంపెనీలకి తలుపు తెరుచుకుంది. ప్రమాదమైతే పరిహారం కట్టిన ప్లాంటు, యంత్రం అమ్మినవాడి మీద లోపం పేరుతో దాన్ని తిరిగి వసూలు చేసుకునే పాత హక్కు పోయింది. కొవ్వాడ ఇన్నేళ్ళు నానడానికి ఆ హక్కు ఒక పెద్ద కారణం, కాబట్టి ఇక కదలిక రావచ్చు. హోదా విషయంలో నేను సంతోషించాను. కానీ ఏఈఆర్‌బీ అధ్యక్షుణ్ణి ఎంపిక చేసే కమిటీని వేసేది మళ్ళీ అణుశక్తి సంఘమే. పేరు మారింది, తాళంచెవి మాత్రం ఆ ఇంట్లోనే ఉంది. ప్రైవేటువాళ్ళు వచ్చాక ఆ తాళంచెవి బరువు ఇంకా పెరుగుతుంది. ఇన్నాళ్ళూ ప్లాంటు ఆపితే నష్టం సర్కారుది. రేపు ఆపితే నష్టపోయినవాడు లాయర్లతో వస్తాడు.

మన రాష్ట్రంలోనే ఇంకో పాఠం ఉంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని, మిల్లు నడుస్తున్నాయి. వ్యర్థాల చెరువు వల్ల తమ బోర్లూ అరటి తోటలూ పాడయ్యాయని పక్క ఊరి రైతులు గొడవ చేశారు. రేడియేషన్ అయితే ఏఈఆర్‌బీ, నీటి కాలుష్యమైతే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి, గని లోపలి భద్రత అయితే గనుల భద్రతా డైరెక్టరేట్. రైతుకి తెలిసింది బోరు నీళ్ళు ఒక్కటే. అది ఏ ఆఫీసు గుమ్మం ఎక్కాలో అతను ఎలా తేల్చుకుంటాడు?

కొవ్వాడకి అనుకుంటున్నది 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు, వెస్టింగ్‌హౌస్ ఏపీ1000 రకం. ఈ రకం అమెరికాలో జార్జియాలో రెండు నడుస్తున్నాయి, చైనాలోనూ ఉన్నాయి. కాబట్టి గుడ్డిగా కొత్తది కాదు, కానీ మన సముద్రం, మన తుఫాన్లు, మన ఇసుకనేల కోసం ఏఈఆర్‌బీ విడిగా సమీక్షించాలి. 2004 సునామీ రోజు తమిళనాడులోని కల్పాక్కం అణు కేంద్రంలో సముద్రపు నీళ్ళు పంపుహౌస్‌లోకి వచ్చి నడుస్తున్న యూనిట్‌ని ఆపాల్సి వచ్చింది. పద్ధతి ప్రకారం ఆగింది, పరిశీలించి అనుమతిచ్చాక మళ్ళీ నడిచింది. పంపుహౌస్ ఎత్తెంత అన్నది మీరు అడగదగ్గ మొదటి ప్రశ్న.

కాలుష్య నియంత్రణ మండలి పెట్టే ప్రజాభిప్రాయ సేకరణకి కలెక్టర్ గారు వస్తారు. ఆ రోజు “మాకొద్దు” అనో “ఉద్యోగాలివ్వండి” అనో అరిచి వచ్చేస్తారు చాలామంది. రెండూ మీ హక్కే. నేనైతే ఇంకోటి కూడా అడుగుతాను. ప్లాంటు కంచె లోపల ప్రమాదమైతే బాధ్యత ప్లాంటుది, కంచె బయట అయితే కలెక్టర్‌ది. 16 కిలోమీటర్ల లోపలి ఊళ్ళన్నిటికీ అత్యవసర ప్రణాళిక ఉండాలి, రెండేళ్ళకోసారి మాక్‌డ్రిల్ జరగాలి. నేను చూసిన ఒక డ్రిల్‌లో బస్సులు టైముకే వచ్చాయి, స్కూలు పిల్లలు వరుసలో ఎక్కారు, కాగితం మీద అన్నిటికీ టిక్కులు పడ్డాయి. మర్నాడు పొలంలో ఉన్న ఒక ముసలాయన “నిన్న ఏదో కూత వినిపించింది, రైస్‌మిల్లు అనుకున్నాను” అన్నాడు.

మీది వేట మీద బతికే తీరం. తెల్లారకముందే పడవలు నాలుగైదు గంటల దూరం పోతాయి. వాళ్ళకి కబురు ఎవరు పంపుతారు, ఎలా పంపుతారు, ఏ రేవుకి రమ్మంటారు అన్నది ఆ ప్రణాళికలో ఏ పేజీలో ఉందో కలెక్టర్ గారిని అడగండి. పేజీ నంబర్ చెప్పేదాకా కూర్చోకండి.